హిందీ అను, వదిలేస్తరు

మా అన్నకు అరబ్బీ రాదు. కువైట్‌లో ఆరేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపినవాడికి అరబ్బీ ఎందుకు రాలేదని అడిగితే, తోలమన్నచోటికి తోలడానికి భాష ఎందుకంటాడు. కానీ ఒక్క మాట మాత్రం ఆయన నోట్లో అచ్చం అరబ్బులు పలికినట్టే పలుకుతుంది. అది "హిందీ". మనకు హిందీ అంటే ఒక భాష. అక్కడ హిందీ అంటే మనిషి, హిందుస్తాన్ నుంచి వచ్చిన మనిషి. హుజూరాబాద్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు, ఆటోస్టాండులో ఉర్దూ మాట్లాడుకుంటూ పెరిగిన మా అన్న అక్కడ విమానం దిగగానే హిందీ అయిపోయాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడిన పొద్దున ఆయన ట్యాంకరు నింపుకొని రోడ్డు మీద ఉన్నాడట. రోడ్డుకు అడ్డంగా మిలిటరీ బండి. తుపాకి పట్టుకున్న సిపాయి ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి "హిందీ?" అనడిగాడు. "హిందీ" అన్నాడు అన్న. సిపాయి నవ్వి, తాగడానికి నీళ్లడిగి, తన డబ్బా నింపుకొని, బండి తలుపు మీద రెండు దెబ్బలు చరిచి పొమ్మన్నాడు. జరిగింది అంతే. ఈ అయిదు నిమిషాల ముచ్చటను మా అన్న ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. పెళ్లిళ్లలో చెబుతాడు, చావింట్లో చెబుతాడు, మోటారు బాగుచేయించుకోవడానికి దుకాణానికి వచ్చిన రైతును కూర్చోబెట్టి మరీ చెబుతాడు. ఎక్కడ నవ్వాలో వినేవాళ్లకు కూడా కంఠతా వచ్చేసింది.

ఆ తర్వాత పడ్డ కష్టాలు మాత్రం చెప్పడు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా బస్సుల్లో పోవడం, ఎడారిలో గుడారాల కింద విమానం కోసం రోజుల తరబడి పడిగాపులు కాయడం, నీళ్ల ట్యాంకరు నడిపినవాడు గ్లాసుడు నీళ్ల కోసం వరసలో నిలబడడం. ఇవన్నీ నాకు వేరేవాళ్లు చెబితే తెలిసినవి. ఇంటికొచ్చిన రోజు కన్నతల్లి, మా అవ్వే ఆయన్ని గుర్తుపట్టలేదు. గడపలో నిలబడ్డ మనిషిని చూసి "ఎవలు బిడ్డా, ఎవలు గావాలె?" అని అడిగింది.

కొన్ని నెలలకు పెద్ద దేశాలన్నీ కూడబలుక్కుని ఇరాక్ మీద బాంబులు వేశాయి. కువైట్‌ను విడిపించడానికేనని రేడియోలో చెప్పారు. అన్న ఒప్పుకోలేదు. "నీళ్లడుక్కొని తాగినోడు దుష్మనా? మీదికెళ్లి బాంబులేసెటోడు దోస్తా? ఏం ముచ్చట్రా గిది!" అని రేడియో మీద కోప్పడ్డాడు. ఆయన చూసిన యుద్ధంలో దురాక్రమణదారుడు నవ్వు ముఖంతో వచ్చి తలుపు మీద చరిచిన కుర్రాడు. ఆ ముఖం పక్కకు జరిపి మరో ముఖం పెట్టడం ఎవరి తరమూ కాలేదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం కొత్తగా దొరికింది. ఉద్యోగం కొత్తగా దొరికినవాడికి ప్రపంచంలో అర్థం కానిదంటూ ఏమీ ఉండదు. చాప మీద కూర్చుని బాపుకు విడమరిచి చెప్పాను. ఈ పెద్ద దేశాల నాయకులు తమ చిన్నతనంలో ఒక నియంత పక్క దేశాలను ఒక్కొక్కటిగా మింగడం చూశారు. పోనీలే, ఇంతటితో ఆగుతాడులే అని అప్పటి పెద్దలు సర్దుకుపోయారు. అతను ఆగలేదు, లోకమంతా తగలబడింది. అందుకే ఆక్రమించినవాణ్ణి మొదట్లోనే కొట్టాలని వీళ్లు ఒట్టు పెట్టుకున్నారు. కానీ చూడు బాపూ, వీళ్లు బాగ్దాద్ దాకా పోరు. కువైట్ ఖాళీ చేయించి ఆగిపోతారు. ఎందుకంటే వీళ్లకే వియత్నాం అడవుల్లో ఇంకో యుద్ధం గుర్తుంది, అందులో దిగాక బయటపడే దారి దొరకలేదు. ఒక పాత యుద్ధం వెనక నుంచి తోస్తుంటే, ఇంకో పాత యుద్ధం చొక్కా పట్టుకుని గుంజుతుంది.

సరిగ్గా అలాగే జరిగింది. కువైట్ ఖాళీ అయింది, సైన్యాలు ఆగిపోయాయి. మా బాపు బీడీ ఆర్పి, నావంక కొత్తగా చూశాడు. "గింత సదివినవా బిడ్డా!" అన్నాడు. నా జీవితంలో మళ్లీ ఎన్నడూ అంతగా గర్వపడలేదు. ఆ గర్వమే కొంప ముంచింది.

ఏడాది తిరగకముందే అన్న పాత యజమాని కబురు పంపాడు. ట్యాంకర్లు మళ్లీ నడుస్తున్నాయి, ఫలానా తేదీలోగా వస్తే పని ఇస్తానన్నాడు. అన్న కొత్త పెట్టె కొన్నాడు, పాస్‌పోర్టు తుడిచి దిండు కింద పెట్టుకున్నాడు. నేను ఆదివారం ఇంటికొచ్చి బాపును పెరట్లోకి తీసుకుపోయాను. ఇరాక్ నియంత ఇంకా గద్దె మీదే ఉన్నాడు, మొదటి పెద్ద యుద్ధంలో మిగిలిపోయిన పగ నుంచే రెండో పెద్ద యుద్ధం పుట్టింది, ఇక్కడా అంతే, మళ్లీ వస్తాడు, ఈసారి బాంబు మన ట్యాంకరు మీదే పడొచ్చు అన్నాను. చదువురాని మనిషి, కొడుకు ప్రాణం మీద భయం, పైగా ఒకసారి నిజమైన నా మాట. బాపు ఇంకేం అడగలేదు. పాస్‌పోర్టు తీసుకుపోయి పసుపు బస్తాల కింద దాచాడు.

అన్న నెలరోజులు ఇల్లంతా తిరగేశాడు. గోడ సందుల్లో వెతికాడు, బావిలో పాతాళగరిగె వేసి గాలించాడు, అవ్వ మీద అరిచాడు. నేను వచ్చినప్పుడల్లా నన్ను కూడా వెతకమన్నాడు, నేనూ వెతికినట్టు నటించాను. గడువు దాటిన తర్వాత బాపు ఆ పాస్‌పోర్టును తెచ్చి గూట్లో పెట్టాడు. అంచులన్నీ పచ్చబడి ఉన్నాయి. అన్న దాన్ని వాసన చూశాడు. మొదట బాపు వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"నీ పుస్తకాలల్ల సచ్చినోళ్లను జూసి నన్ను బతకనియ్యకపోతివి గదరా! ఇయ్యాల్టిసంది నా ఇంటి ముచ్చట్ల నడుమ రాకు. వస్తె తమ్ముడని సూడ."

ఆ పని పక్కవీధి మనిషికి దక్కింది. పన్నెండేళ్లకు ఇరాక్ మీద మళ్లీ యుద్ధం వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ వార్త విన్న పొద్దున నాకు సంతోషం కలిగింది. నేనన్నది జరిగింది కదా అని హుజూరాబాద్ పోయి అన్న ముందు నిలబడాలనిపించింది. కానీ ఆ యుద్ధం కువైట్‌లో ట్యాంకర్లు నడిపేవాళ్ల మీద పడలేదు. పైగా సైనిక శిబిరాలకు నీళ్లు మోసి పక్కవీధి మనిషి రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆ ఇంటి నీడ సాయంత్రం పూట మా అన్న దుకాణం మీద పడుతుంది. బోరు మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం అది. అందులోనే ఆయన జుట్టు నెరిసింది.

నేను అన్న చెప్పిన మాట దాటలేదు. ముప్పై ఏళ్లు ఆయన ఇంటి విషయంలో నోరు మెదపలేదు. ఏ పొలం అమ్మినా మంచిదన్నాను, ఏ సంబంధం వద్దనుకున్నా మంచిదన్నాను. దీన్ని నేను మర్యాద అనుకున్నాను. మా ఆవిడ దీన్ని పిరికితనం అంది. ఆమె చరిత్ర చదవలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

అన్నకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు సెలవులకు మా ఇంటికొచ్చి నా అట్లాసు ముందేసుకుని కూర్చునేది. ఈ దేశం వాళ్లు ఆ దేశం మీదికి ఎందుకు పోయారు, పక్కవాళ్లు ఎందుకు ఊరుకున్నారు అని అడిగేది. మా కాలేజీలో గైడు పుస్తకం తప్ప ఇంకోటి ముట్టని పిల్లల మధ్య నలిగిపోయేవాణ్ణి, ఆ పిల్లకు చెబుతుంటే కడుపు నిండేది. ఇక్కడ డాక్టరు సీటు రాక ఉక్రెయిన్ వెళ్లి చేరింది. హాస్టలు గదిలో తోడుగా ఆదిలాబాద్ అమ్మాయి దొరికింది. ఆ అమ్మాయి తండ్రి పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. ఇంట్లో సగం తెలుగు, సగం మరాఠీ. తల్లిని ఆయి అని పిలుస్తుంది. మా పిల్ల కూడా ఫోనులో ఆ తల్లిని మావ్శి, అంటే చిన్నమ్మ, అనడం మరిగింది.

సరిహద్దుల దగ్గర రష్యా సైన్యం పోగవుతోందని పేపర్లలో రావడం మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం నాకు ఫోను చేసింది.

"చిన్నబాపు, ఇక్కడ కొందరు టికెట్లు తీసుకుంటున్నరు. కాలేజోళ్లేమో క్లాసులు బందు కాలే, పోతే హాజరు పోతదంటున్నరు. నువ్వేమంటవు?"

"మీ బాపునడిగినవా?"

"అడిగిన. ఏం గాదు, హిందీ అను, వదిలేస్తరు అంటుండు. నేను నిన్నడుగుతున్న."

నాకు తెలుసు. అప్పుడేం తెలియదని ఇప్పుడు చెప్పుకోవడానికి వీల్లేదు. కొన్నేళ్ల కింద అదే దేశంలో ఒక ముక్కను లాక్కున్నప్పుడు ఎవరూ అడ్డు రాలేదు కాబట్టి, రష్యా నాయకుడు ఈసారి కూడా వస్తాడని తెలుసు. అడ్డుపడగల పెద్ద దేశం అఫ్ఘానిస్తాన్ నుంచి తల దించుకుని వెళ్లి ఏడాది కూడా కాలేదు, మళ్లీ సైన్యాన్ని పంపదని తెలుసు. ఆయుధాలిస్తారు, ఉపన్యాసాలిస్తారు, మనుషుల్ని పంపరు. విమానాశ్రయాలు మొదటి రోజే మూతపడతాయని కూడా తెలుసు. ఇదంతా నా నాలుక మీద ఉంది.

"మీ బాపు కండ్లార చూసినోడు బిడ్డా. నేను పుస్తకాల్ల చదివినోన్ని. ఆయన చెప్పినట్టే విను" అన్నాను.

ఆ ఆదివారం ఉండబట్టలేక హుజూరాబాద్ వెళ్లాను. అన్న దుకాణంలో కింద కూర్చుని తీగ చుడుతున్నాడు. టీవీలో ట్యాంకుల బొమ్మలు వస్తున్నాయి. నన్ను చూసి చాయ్ తెప్పించాడు. నేను అడగకుండానే ఆయనే ఎత్తుకున్నాడు.

"పొల్ల పరేషాన్ అయితుంది. అందరు ఉరుకుతుండ్రంట. ఎందుకురా ఉరుకుడు? రష్యావోళ్లు మనకు దోస్తులు. మనం హిందీలం, మనల్నేం జేస్తరు? ఒక్కసారి ఇడిశిపెట్టి వస్తె మల్ల ఎవడు రానిస్తడు? నాకెర్క గాదా?"

చివరి మాట అంటూ నావైపు చూడలేదు. తీగ చుట్టడం మాత్రం ఆపాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన కూతుర్ని అక్కడ ఆపుతున్నది నవ్విన సిపాయి ఒక్కడే కాదు, పసుపు బస్తాల కింద దాగిన పాస్‌పోర్టు కూడా. వదిలి వచ్చినవాడికి మళ్లీ దారి దొరకదని ఆయనకు నేర్పింది నేనే. ఇప్పుడు నోరు విప్పాల్సింది కూడా నేనే. చాయ్ అడుగుదాకా తాగాను. గ్లాసు కింద పెట్టి, "ఈసారి చలి ఎక్కువనే ఉన్నదన్నా" అన్నాను. "ఔరా, ఉన్నది" అన్నాడు. కరీంనగర్ బస్సెక్కి ఇంటికొచ్చాను.

మూడు రోజులకు పిల్ల మళ్లీ ఫోను చేసింది. ఆదిలాబాద్ అమ్మాయి టికెట్టు కోసం చూస్తోందట, ఇద్దరం కలిసే పోదాం, నువ్వుంటే నేనూ ఉంటానంటోందట. "జర నిజం చెప్పు చిన్నబాపు. నా ఒక్కదాని ముచ్చట గాదు" అంది.

"నన్ను నడుమ పెట్టకు బిడ్డా" అన్నాను.

అవతలి నుంచి "సరే" అంది. వారం తిరగలేదు, యుద్ధం మొదలైంది. విమానాశ్రయాలు మూతపడ్డాయి. పిల్లలిద్దరూ హాస్టలు కింద నేలమాళిగలో, కట్టెల పెట్టెల మధ్య కూర్చున్న ఫోటో ఒకటి పంపారు. దుప్పటి ఒకటే ఇద్దరికీ.

మర్నాడు కాలేజీకి వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ముఖం చూడాల్సి వస్తుంది. క్లాసులో ఎనిమిది మంది ఉన్నారు. ఎన్నడూ నోరు తెరవని ఒకడు లేచి, "సార్, గా పెద్ద దేశాలోళ్లు ఎందుకు పోతలేరు? కువైట్‌కైతే పోయిండ్రు గదా?" అనడిగాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనంత బాగా ఎన్నడూ చెప్పలేదు కూడా. నాయకుడి ముందు బల్ల మీద పటం పరిచి ఉంటుంది, కానీ అతనికి కనబడేది ఆ పటం కాదు, పోయినసారి తను చేసిన యుద్ధం అన్నాను. పోయినసారి ఊరుకుని చెడిపోయినవాడు ఈసారి దూకుతాడు, పోయినసారి దూకి చెడిపోయినవాడు ఈసారి ఊరుకుంటాడు. ఇద్దరూ ఎదుట ఉన్న మనిషిని చూడరు. అవతల అణుబాంబు ఉందన్న భయం కూడా నిజమే, కానీ ఆ భయానికి మాటలు దొరికేది పాత యుద్ధంలోనే. ఊరుకున్నవాడు దానికి వివేకం అని పేరు పెట్టుకుంటాడు.

పిల్లలు రాసుకుంటున్నారు. పోయినసారి దూకి చెడిపోయి, ఈసారి ఊరుకుని, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నవాడు ఆ గదిలో ఒకడున్నాడు. వాడు సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. "సార్, ఇంపార్టెంటా గిది?" అని ఒకమ్మాయి అడిగింది. పరీక్షలో రాదని చెప్పాను. రాసుకున్నదాని మీద గీత కొట్టేసింది.

పన్నెండో రోజున పిల్లలు సరిహద్దు దాటారు. ఎలా దాటారో అప్పుడు మాకెవరికీ చెప్పలేదు. కరీంనగర్ బస్టాండులో దిగేసరికి పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద పిల్ల ముఖం కంటే పెద్దగా నలుగురు నాయకుల ముఖాలున్నాయి. దండలు వేశారు, మిఠాయి నోట్లో కుక్కారు. ఎవరో మైకు పెడితే మా అన్న కళ్లు తుడుచుకుని ఆ సిపాయి ముచ్చట మొదలుపెట్టాడు. "అప్పుడు నన్నిడిసిపెట్టిండ్రు, ఇప్పుడు నా బిడ్డనిడిసిపెట్టిండ్రు. హిందీ అంటే గట్లుంటది మరి!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. పిల్ల దండ తీసి చేతికి చుట్టుకుని నేలచూపులు చూస్తూ నిలబడింది.

ఆదిలాబాద్ అమ్మాయి ఆ బస్సులో రాలేదు. ఆమెను విమానాశ్రయం నుంచే హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. నెల తర్వాత ఇంటికి వచ్చిందని తెలిసి మా పిల్ల చూడడానికి పోతానంది. దుకాణం వదిలి రాలేనని అన్న నన్ను తోడు పంపాడు. జగిత్యాల దాటేదాకా పిల్ల కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత నావైపు తిరక్కుండానే చెప్పింది.

రైల్లో నిలబడి పడమటి దిక్కుకు వచ్చారు. అక్కడి నుంచి సరిహద్దుకు మంచులో నడిచారు. రోడ్డు మీద కార్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఆదిలాబాద్ అమ్మాయి బూటు చిరిగి లోపలికి తడి దిగింది. గేటు దగ్గర తుపాకి పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. భయంలో మా పిల్ల నోటికి వాళ్ల బాపు మాటే వచ్చింది. పాస్‌పోర్టు ఎత్తిపట్టుకుని "హిందీ, హిందీ" అంది. అతనికి అర్థం కాలేదు. ఇండియా అని చెప్పింది. అతను నవ్వలేదు. మా మీదికి రష్యావాళ్లు వస్తే ఐక్యరాజ్యసమితిలో మీ దేశం చెయ్యెత్తలేదు కదా, ఇప్పుడు మమ్మల్ని గేటు తియ్యమంటున్నావా అన్నాడు. తల్లుల్నీ పసిపిల్లల్నీ ముందు పంపుతూ, వీళ్లను వరస చివరకు పొమ్మన్నాడు. అక్కడ రెండు రోజులు నిలబడ్డారు. ఆ రెండు రోజుల్లోనే స్నేహితురాలి కాలి వేళ్లు నల్లబడ్డాయి.

నేను చరిత్ర మాస్టారిని కదా, నాకు అప్పుడు కూడా కారణమే తట్టింది. మన నాయకులకూ ఒక పాత యుద్ధం ఉంది. బంగ్లాదేశ్ యుద్ధంలో లోకం మన మీద కన్నెర్ర చేస్తే పక్కన నిలబడ్డది అప్పటి రష్యానే. యాభై ఏళ్ల కిందటి ఆ మేలు గుర్తుండి మనవాళ్లు ఎటూ చెయ్యెత్తకుండా కూర్చున్నారు. ఇది పిల్లకు చెప్పబోయాను. "మన నాయకులు అట్ల ఎందుకు చేసిండ్రంటే బిడ్డా..." అని మొదలుపెట్టాను. "తెలుసుకొని ఏం జెయ్యాలె చిన్నబాపు?" అంది. నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు నేను నీళ్ల సీసా కొనిచ్చాను. తాగలేదు.

ఆదిలాబాద్‌లో వాళ్లది మిల్లు వెనక చిన్న పెంకుటిల్లు. వాకిట్లో పత్తి పింజలు ఎగిరివచ్చి పడి ఉన్నాయి. అమ్మాయి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎడమ కాలికి మూడు వేళ్లు లేవు. మా పిల్లను చూసి నవ్వి, తర్వాత ఏడ్చింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. నన్ను మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. తల్లి గడపకు ఆనుకుని నిలబడి, మర్యాదగానే మాట్లాడింది.

"మీ అన్నగారి మీద నాకు కోపం లేదు సారూ. ఆయనకు తెల్సింది ఆయన జెప్పిండు. మా పొల్ల టికెట్ తీస్త ఆయీ అన్నది. మీ బిడ్డ ఉంటున్నదని ఆగింది. గంతే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు కాలేజ్‌ల గీ లడాయిలు, రాజ్యాల ముచ్చట్లే జెప్తరట గదా. మీ బిడ్డ ఎప్పుడూ మీ ముచ్చటే జెప్తది. మరి మీరేమన్నరు సారూ?"

గదిలో ముగ్గురు ఆడవాళ్లూ నావైపు చూస్తున్నారు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"నన్నెవరూ అడగలేదమ్మా" అన్నాను.

మా పిల్ల స్నేహితురాలి చేయి వదల్లేదు. గొంతు పెంచలేదు.

"అడిగిన మావ్శీ. రెండుసార్లు అడిగిన. నన్ను నడుమ పెట్టకు అన్నడు."

తల్లి నన్ను తిట్టలేదు. లోపలికి వెళ్లి దూది, మందుసీసా, కట్టుగుడ్డ తెచ్చింది. మంచం పక్కన కూర్చోవడానికి వచ్చి, నా కుర్చీ అడ్డంగా ఉంటే ఆగి, ఇందాక సారూ అన్న గొంతుతోనే మాట్లాడింది.

"జర పక్కకు జరుగుర్రి సారూ, పొల్లకు కట్టు మార్చాలె" అంది.